సార్ఫో భుజం మీది లెన్సు

ఇన్‌స్పెక్టర్ అటాంగ బేడీలు తీసి బల్ల మీద పెట్టాడు. అందరికీ కనబడాలనే పెట్టాడు.

బట్టల వ్యాపారి సార్ఫో చనిపోయి ఆ రోజుకు వారం. వాకిట్లో గుడారం వేశారు. నల్లబట్టలూ ఎర్రబట్టలూ కట్టుకున్న జనం కుర్చీల నిండా ఉన్నారు. నన్ను రమ్మన్నది సార్ఫో భార్య అచ్చియా తమ్ముడు. గేటు దగ్గరే నా చెయ్యి పట్టుకుని సంగతి చెప్పాడు. సంతాపసభ ముగియగానే అక్కను స్టేషన్‌కు తీసుకుపోతారు. శనివారం ఖననం. ఆ లోపల వదలరు. భర్తను సాగనంపడానికి రాని భార్యను మా కుమాసి ఊళ్ళో ఎవరూ మళ్ళీ గడప తొక్కనివ్వరు. ఆ తర్వాత కోర్టు ఏం చెప్పినా ఒకటే.

అంటే నాకున్నది సభ ముగిసేదాకా. అప్పటికే మద్యం నేల మీద పోసి చనిపోయిన పెద్దలను పిలవడం అయిపోయింది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెయ్యి కలిపి వెళ్తున్నారు.

అటాంగ నన్ను చూసి నవ్వాడు. "ముసలాయనా, మళ్ళీ నువ్వేనా. మేకల కేసులోనూ ఇట్లాగే అడ్డం పడ్డావు."

"మేకలు దొరికాయి కదా."

"దొరికాయి."

"నువ్వు పట్టుకున్నవాడి ఇంట్లో కాదు."

పక్కనున్న కానిస్టేబులు తల తిప్పుకున్నాడు. అటాంగ నవ్వు మానేసి తన దగ్గరున్న సాక్ష్యం చెప్పాడు. సాయంత్రం పూట సార్ఫో ఇంటి వెనక గోదాము మెట్ల కింద పడి ఉన్నాడు. తల పగిలింది. గోదాము తాళంచెవులు కనబడలేదు. కట్టుకున్న గుడ్డలో, ఎడమ భుజం దగ్గర, కళ్ళలో పెట్టుకునే లెన్సు ఒకటి దొరికింది. ఈ ఇంట్లో లెన్సులు పెట్టుకునేది అచ్చియా ఒక్కతే. అది మొదటిది. రెండోది, భర్త పోయి వారమైనా ఆమె కంట చుక్క నీరు రాలేదు.

ఆ రెండోది అతనికి చెప్పింది కుటుంబ పెద్ద నానా కంకామ్. మా దగ్గర పెద్దవాళ్ళందరినీ నానా అనే పిలుస్తారు. గుడారం మధ్యలో చేతుల కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకూ అదే చెబుతున్నాడు. నాకూ చెప్పాడు. "చూడు, మా బరిమాను చూడు. వారం నుంచి ఆడపిల్లలా ఏడుస్తున్నాడు. రక్తమంటే అది. ఆవిణ్ణి చూడు. రాయి."

బరిమా సార్ఫో అక్క కొడుకు. మా ఆచారంలో మేనమామ కొట్టు, పెద్దరికపు పీట, పేరు అన్నీ మేనల్లుడికే. పొడుగ్గా ఉంటాడు. నల్లద్దాలు పెట్టుకుని, ఎండకు వీపు తిప్పి ఒక మూల కూర్చున్నాడు. అన్నం తింటూ కూడా కుడికన్ను తుడుచుకుంటున్నాడు. రుమాలు పిండితే నీళ్ళు కారేటట్టుంది. ఆడవాళ్ళు అతని వీపు నిమిరి వెళ్తున్నారు.

నేను లోపలికి వెళ్ళాను.

అచ్చియా చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ నలుగురు ముసలమ్మలు. పొట్టి మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రెప్పలు అంటుకుని ఉన్నాయి. ఆమె మాట్లాడే ముందు ఒక గుక్క నీళ్ళు తాగేది, మాట అయ్యాక ఇంకో గుక్క.

ఆ సాయంత్రం ఎక్కడున్నావని అడిగాను. ఈ గదిలోనే ఉన్నానంది. హర్మట్టాన్ ఎండుగాలి దుమ్ముకు కళ్ళు మండితే లెన్సులు తీసేసి, తడిగుడ్డ వేసుకుని పడుకుందట. వెనక మగవాళ్ళు గట్టిగా మాట్లాడుకోవడం వినబడిందట. మూటలు మోసే కూలీలనుకుందట. ఎవరూ ఈ మాట అడగలేదట.

"నీకు ఏడుపు రాదా?"

"వస్తుంది తండ్రీ. నీళ్ళు రావు."

లెన్సులు ఎక్కడున్నాయని అడిగాను. ఆమె ముసలమ్మల వైపు చూసింది. సార్ఫో పోయిన మర్నాడు పొద్దున వాళ్ళు ఆమె గొలుసు తీశారు, పోగులు తీశారు, కంట్లో వేసుకునే చుక్కల మందు తీశారు, లెన్సుల డబ్బా కూడా తీశారు. విధవకు అలంకారం తగదు.

"ఇది అలంకారం కాదని చెప్పాను. గాజుకళ్ళు పెట్టుకుని శవం ముందు కూర్చుంటావా అన్నారు. కూర్చోలేదు. ఈ వారం నాకు ఎవరి మొహమూ సరిగ్గా కనబడలేదు."

ముసలమ్మల్లో పెద్దది సార్ఫో మేనత్త. ఆమెను మర్యాదగా అడిగాను. కొంగు ముడి విప్పి డబ్బా నా చేతిలో పెట్టింది. ఆచారం ప్రకారం తీసిందే తప్ప పారెయ్యలేదు. మూత తీశాను. రెండు గుంటల్లో రెండు లెన్సులు. చిన్న గిన్నెల్లా లోతుగా, గట్టిగా ఉన్నాయి.

అటాంగను పిలిచి చూపించాను. అతను వంగి చూసి, నిటారుగా నిలబడ్డాడు.

"ఇంకో జత ఉండొచ్చు. కొట్లో పెట్టెలు పెట్టెలు అమ్ముతారు."

"మెట్ల దగ్గరకు పోదాం."

మెట్లు సిమెంటువి, నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. శవాన్ని మొదట చూసిన కానిస్టేబులును, సార్ఫో ఎట్లా పడి ఉన్నాడో అట్లా పడుకుని చూపించమన్నాను. వెనక్కి వాలి, తల చివరి మెట్టుకు తగిలి ఉందన్నాడు. లెన్సు ఎక్కడుందని అడిగాను. గుడ్డ భుజం మీదుగా వేసుకుంటే మెడ దగ్గర మడత పడుతుంది. ఆ మడత లోపల ఉందన్నాడు.

"పైనా, లోపలా?"

"లోపలే నానా. గుడ్డ విప్పితే రాలింది."

నేను అటాంగకు చెప్పాను. సార్ఫో పొడుగైనవాడు. అచ్చియా అతని రొమ్ము దాకా వస్తుంది. ఆమె కంట్లోంచి రాలింది అతని భుజం మీదికి ఎట్లా ఎక్కింది?

"ఆమె పై మెట్టు మీద ఉంటే?"

"ఉంటే వెనక నుంచి తోసి ఉండాలి. రాలింది వీపు మీద పడుతుంది. ఇది మెడ పక్కన మడతలోకి దిగింది. మొహం భుజానికి ఆనించి, రెండు చేతులా పట్టుకున్నవాడి కంట్లోంచి రాలింది. తోసేవాడు అట్లా పట్టుకోడు. లేవనెత్తేవాడు పట్టుకుంటాడు."

"నీకిది కాలక్షేపం ముసలాయనా. నాకు ఉద్యోగం. పైవాళ్ళు రోజూ ఫోను చేస్తున్నారు. చేసేదెవరో తెలుసా? నానా కంకామ్ స్నేహితులు."

అతను ఆ మాట అనడం నాకు నచ్చింది. అబద్ధం చెప్పే పోలీసు అట్లాంటిది బయట పెట్టడు. లెన్సు ఉన్న కవరు తీసుకుని అచ్చియా కళ్ళ డాక్టరమ్మ దగ్గరకు రమ్మన్నాను. డాక్టరమ్మ సంతకం అతనికి ఎటూ కావాలి. అందుకే వచ్చాడు.

డాక్టర్ దుఫీ ఆసుపత్రి అడుమ్ బజారులో ఒక బట్టల కొట్టు మీద. మేము వెళ్ళేసరికి గదినిండా ఎర్రకళ్ళ వాళ్ళే. ఈ కాలంలో దుమ్ము అందరి కళ్ళనూ ఎండగడుతుంది. ఆమె ఒక బస్సు డ్రైవరుతో మాట్లాడుతోంది. వాడు బలమైన మందు ఇమ్మంటున్నాడు. "మందు తర్వాత. ముందు ఆ చల్లగాలి నీ మొహం మీదికి కొట్టకుండా తిప్పు. రోడ్డు చూస్తూ రెప్ప వెయ్యడం మర్చిపోతున్నావు. రెప్ప వెయ్యి నాయనా, డబ్బులేం అడగను" అంది. వాడు నవ్వి వెళ్ళిపోయాడు.

అటాంగ కవరు బల్ల మీద బోర్లించాడు. లోపలిది ఎండిన చేప పొలుసులా ముడుచుకుని ఉంది. ఇది అచ్చియాది అని రాసి సంతకం పెట్టమన్నాడు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. ముందు అచ్చియా ఎట్లా ఉందని అడిగింది. ముసలమ్మలు మందు తీసేసిన సంగతి చెప్పాను. డాక్టరమ్మ మొహం మారింది.

"వారం రోజులా? ఆమెకు కన్నీటి గ్రంథులే ఎండిపోతున్నాయి పెద్దయ్యా. నోరూ అంతే, నీళ్ళు లేకుండా ముద్ద దిగదు. కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి చూస్తాం. మీకు పెడితే తడుస్తుంది. ఆమెకు పెడితే పెట్టినట్టే బయటికొస్తుంది. తన తల్లి చనిపోయిన నెలలో నా దగ్గరకు వచ్చింది. ఆ రోజు నా ముందు కూర్చుని గుండెలు బాదుకుంది. కాగితం తడవలేదు."

అటాంగ తన చిన్న పుస్తకంలో ఏదో రాయబోయి ఆగాడు.

ఆమె లేచి చేతులు కడుక్కుంది. ఎండిన ముక్కను గాజు పళ్ళెంలో వేసి ఉప్పునీళ్ళు పోసింది. ముగ్గురం వంగి చూశాం. ముక్క మెల్లగా విచ్చుకుంది. అంచులు మెత్తబడ్డాయి. కాసేపటికి వేలిగోరంత గుండ్రటి పొర నీళ్ళలో తేలింది.

"ఇది మెత్తటిది. నల్లగుడ్డు మీద అంటుకుని కూర్చుంటుంది, కంట్లో ఉన్న తడి తాగుతుంది. అచ్చియా కంట్లో తడే లేదు. ఇది పెడితే ఒక పూట కూడా ఓర్చుకోలేదు. అందుకే ఆమెకు గిన్నెలాంటిది ఇచ్చాను. దాని నిండా ఉప్పునీళ్ళు పోసి పెట్టుకుంటుంది. కన్ను నీళ్ళలో ఉంటుంది."

"ఇంట్లో ఇంకెవరూ పెట్టుకోరు మరి" అన్నాడు అటాంగ.

ఆమె కిటికీ తెర లాగి, చేతి దీపం వెలిగించింది. నీలి వెలుతురు. పళ్ళెం మీద పడగానే లెన్సు పచ్చగా మెరిసింది. పెద్ద వెలుగేం కాదు. కానీ చీకట్లో అదొక్కటే కనబడింది.

కన్ను ఎండిందా, గీరుకుందా చూడటానికి ఒక రంగు వేస్తారట. ఆ రంగు ఈ దీపం కింద మెరుస్తుంది. రంగు వేసిన రోజు మెత్తటి లెన్సు పెట్టుకోవద్దని ప్రతివాళ్ళకూ చెబుతారు, లెన్సు ఆ రంగు పీల్చేస్తుంది. మళ్ళీ మళ్ళీ కడిగి పెట్టుకుంటే కొన్నాళ్ళకు పోతుంది. ఇది పోకముందే రాలింది, ఎండింది.

"అయితే ఇది రాలిన రోజే ఎవరో కన్ను చూపించుకుని, వద్దన్నా పెట్టుకున్నారు" అన్నాను.

"అవును. అచ్చియా నా దగ్గరకు వచ్చింది దుమ్ముగాలి మొదలు కాకముందు."

"ఆ రోజు మీరు రంగు వేసినవాళ్ళలో లెన్సులు పెట్టుకునేవాళ్ళు ఎందరు?" అన్నాడు అటాంగ.

"ఒక్కరు."

"పేరు."

"చెప్పను."

అటాంగ గొంతు పెంచాడు. ఇది హత్య కేసు అన్నాడు. స్టేషన్‌కు పిలిపిస్తానన్నాడు. కోర్టు కాగితం తెస్తే చెబుతానంది ఆమె. నా దగ్గర కన్ను చూపించుకున్నవాడి సంగతి ఇంకొకరికి చెబితే రేపు ఈ గదిలోకి ఎవడు వస్తాడంది. కోర్టు కాగితానికి సోమవారం దాకా పడుతుంది. అప్పటికి శనివారం దాటిపోతుంది. ఇద్దరిదీ న్యాయమే. అచ్చియాకే న్యాయం లేదు.

నేను పేరు అడగలేదు. వేరే మాట చెప్పాను.

"డాక్టరమ్మా, సార్ఫో ఇంట్లో ఒకడు వారం నుంచి ఏడుస్తున్నాడు. అన్నం తింటూ కూడా నీళ్ళు కారుతున్నాయి. నల్లద్దాలు తియ్యడు. ఎండ వైపు మొహం తిప్పడు. ఊరంతా మెచ్చుకుంటోంది."

ఆమె పళ్ళెం మీద మూత పెట్టబోతున్న చెయ్యి ఆపింది.

"ఏ కన్ను ఎక్కువ తుడుచుకుంటున్నాడు?"

"కుడిది."

ఆమె పేరు చెప్పలేదు. గోడకున్న సంచి తీసింది. బయట కూర్చున్నవాళ్ళతో సాయంత్రం చూస్తానంది. మెట్లు దిగుతూ అటాంగతో ఒకే మాట అంది. "నేను మీ కేసు కోసం రావడం లేదు. ఒక కన్ను పోతోంది, దాని కోసం వస్తున్నాను."

మేము తిరిగి వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. నానా కంకామ్ ఇంకా మధ్యలోనే ఉన్నాడు. అచ్చియాను వాకిట్లోకి తెచ్చి నిలబెట్టారు. ఆమె సంచి సర్ది పక్కన పెట్టారు కూడా.

డాక్టరమ్మ ఎవరికీ నమస్కారం పెట్టలేదు. నేరుగా బరిమా ముందుకు వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెను చూసి అతను లేవబోయాడు.

"కూర్చో. అద్దాలు తియ్యి."

"ఇక్కడ కాదు డాక్టరమ్మా."

"ఇక్కడే. మర్నాడు రమ్మన్నాను, రాలేదు. లెన్సులు ముట్టుకోవద్దన్నాను, ఇప్పుడూ కంట్లోనే ఉన్నాయి. ఇంకో రెండు రోజులు ఇట్లాగే ఉంటే ఆ కన్ను నేనే కాదు, ఎవరూ తేలేరు."

అతను అద్దాలు తీశాడు. కుడికన్ను ఎర్రగా ఉడికినట్టుంది. నల్లగుడ్డు మీద బియ్యపు నూక అంత తెల్లటి మచ్చ. ఎవరో మెల్లగా అయ్యో అన్నారు. వారం నుంచి అందరూ మెచ్చుకున్న ఏడుపు అదీ.

సంచిలోంచి సామాను తీస్తూ ఆమె అడిగింది, కళ్ళద్దాలు ఉన్నాయి కదా, ఎందుకు పెట్టుకోలేదని. అతను నానా కంకామ్ వైపు చూశాడు.

"అంత మందం అద్దాలు పెట్టుకుని పీట మీద కూర్చోనిస్తారా? ఒంట్లో లోపమున్నవాడు వారసుడు కాకూడదు. చిన్నప్పటి నుంచి చెబుతున్నారు. మామక్కూడా తెలియనివ్వలేదు."

నేను పక్కన కూర్చున్నాను. గొంతు పెంచలేదు. నీ లెన్సు మీ మామ భుజం మీద దొరికిందని చెప్పాను. లేపబోతుంటే రాలిందని కూడా చెప్పాను.

అతను ఇక దాచలేదు. వేరే చోట లెన్సులు కొని పెట్టుకుంటూ వచ్చాడు. ఆ రోజు పొద్దున డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాడు. సాయంత్రం మామ గోదాముకు తాళం వేస్తుంటే, నన్ను వారసుడని పదిమందిలో ఎప్పుడు చెబుతావని నిలదీశాడు. మాటామాటా పెరిగింది. మామ వెళ్ళబోతే చెయ్యి పట్టి లాగాడు. మామ రెండు మెట్లు జారి కూలబడ్డాడు.

"నెత్తురు రాలేదు. నేనే రెండు చేతులా లేపి మెట్టు మీద కూర్చోబెట్టాను. కన్ను మసకైంది, లెన్సు ఎక్కడ పోయిందో చూసుకోలేదు. మామ మాట్లాడాడు. బతికే ఉన్నాడు పెద్దయ్యా, నా మీద ఒట్టు."

"ఏమన్నాడు?" అన్నది అచ్చియా. ఆమె ఎప్పుడు దగ్గరకు వచ్చిందో నేను చూడలేదు.

అతను తల వంచాడు. "నడుం పట్టేసింది, మీ అత్తను పిలువు అన్నాడు. నేను లేస్తుండగా వెనక నుంచి ఒకాయన వచ్చాడు. నువ్వు పో, నేను పిలుస్తానన్నాడు. తాళంచెవులు మామ చేతిలోనే ఉన్నాయి. నేను వెళ్ళిపోయాను. పొద్దున మామ పోయాడన్నారు. నోరు మూసుకుంటే పీట నీది, తెరిస్తే ఉరి నీది అన్నాడు ఆయన."

"ఎవరాయన?" అన్నాడు అటాంగ.

బరిమా చెప్పనవసరం లేకపోయింది. అందరి తలలూ గుడారం మధ్యకు తిరిగాయి. చేతుల కుర్చీ ఖాళీగా ఉంది. దాని ముందు నానా కంకామ్ చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి.

కుటుంబ పెద్ద ఉత్తకాళ్ళతో నేల తొక్కడు. చావు వచ్చినా తొక్కడు. ముసలమ్మలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. వెనక వీధిలో కారు బయలుదేరిన చప్పుడు వినబడింది.

అటాంగ కానిస్టేబుళ్ళను గేట్ల వైపు పరిగెత్తించాడు. బల్ల మీది బేడీలు తీసి నడుముకు తగిలించుకున్నాడు. వెళ్ళబోతూ అచ్చియా ముందు ఆగాడు.

"అమ్మా, మీరు ఎక్కడికీ రానక్కర్లేదు. శనివారం మీ ఆయన్ని మీరే సాగనంపండి." ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "ముసలాయనా, ఈ కుర్రాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. చూసినవాడు వీడొక్కడే. కంకామ్‌కూ ఆ సంగతి తెలుసు. మా వాళ్ళను ఇద్దరిని ఇస్తాను. మీరూ కూడా ఉండండి."

మీరు అన్నాడు. నేను సరేనన్నాను.

డాక్టరమ్మ బరిమా కంట్లో మందు చుక్క వేసి, ఇవాళే చేరితే చూపు చాలావరకు నిలుస్తుందని, మచ్చ మాత్రం కొంత మిగులుతుందని చెప్పింది. అతన్ని కారెక్కించాక అచ్చియా దగ్గరకు వచ్చింది. సార్ఫో మేనత్త చుక్కల మందు సీసా తెచ్చి, ఎవరి మొహమూ చూడకుండా అచ్చియా ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

"ఇవి వారం పాటు ముడిలో ఉన్నాయి. నీళ్ళు మార్చి, శుభ్రం చెయ్యకుండా పెట్టను" అంది డాక్టరమ్మ నా దగ్గరున్న లెన్సుల డబ్బా తీసుకుంటూ. "ఈ సీసా కూడా వద్దు, కొత్తది ఇస్తాను. రెండు రోజులు గంటగంటకూ చుక్కలు వేసుకో. శుక్రవారం వచ్చి పెడతాను."

"శనివారానికి కనబడుతుందా?"

"ఎందుకు కనబడదు?"

"ఆయన నన్ను పిలిచాడట" అంది అచ్చియా. గుక్కెడు నీళ్ళు తాగింది. "ఆ మొహం నేను సరిగ్గా చూడాలి."

డాక్టరమ్మ ఆమె గడ్డం పట్టి తల పైకెత్తి, కొత్త సీసాలోంచి మొదటి చుక్క వేసింది. కారులోంచి కానిస్టేబులు నన్ను కేకేశాడు.